రాక్ బ్యాండ్లు కాలంతో పాటు తమ సౌండ్ మార్చుకోవాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

సౌండ్ అంటే పాట బాణీయేనా?

కాదు. బాణీ అంటే పాట వరస. దాన్ని పియానో మీద వాయించినా, ఈల వేసినా గుర్తుపట్టగలం. రాక్ వినేవాళ్లు సౌండ్ అన్నప్పుడు ఆ వరసను మోసుకొచ్చే సరంజామా అంతటినీ ఉద్దేశిస్తారు. గిటార్ ఎంత గరగరగా మోగుతోంది, డ్రమ్స్ పెద్ద హాల్లో మోగినట్టున్నాయా లేక చెవి పక్కనే మోగినట్టున్నాయా, గాయకుడు గొంతు చించుకుంటున్నాడా లేక గొణుగుతున్నాడా, బేస్ గిటార్ డ్రమ్స్ దెబ్బకు వెంట్రుకవాసి ముందు నడుస్తోందా వెనక నడుస్తోందా అన్నవన్నీ కలిసి సౌండ్ అవుతాయి. అందుకే మంచి అభిమాని ఒక పాటను అంతకు ముందెన్నడూ వినకపోయినా, నాలుగు క్షణాలు విని అది ఎవరిదో చెప్పేయగలడు.

బ్యాండ్ మారిపోయిందని బాధపడేవారు ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తారు. ఒక్కోసారి సౌండ్ అలాగే ఉండి పాటల్లో పస తగ్గుతుంది, ఒక్కోసారి పాటలు బాగానే ఉండి సరంజామా మారుతుంది; ఫిర్యాదు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకే మాటల్లో వినిపిస్తుంది.

సూటిగా చెప్పండి: మార్చుకోవాలా, వద్దా?

మార్చుకోవాలన్న నియమం లేదు, మార్చుకోకూడదన్న నియమమూ లేదు. ఏం మారినా ఫర్వాలేదో, ఏది పోతే తాము తాముగా మిగలరో బ్యాండ్‌కు తెలిసి ఉండాలి. అది తెలియని బ్యాండ్ మారినా చెడుతుంది, మారకపోయినా చెడుతుంది.

సౌండ్ ఎలా మారుతుంది? సభ్యులంతా కూర్చుని నిర్ణయం తీసుకుంటారా?

అలా జరిగేది తక్కువ. చాలా మార్పుల వెనుక ఒక ఇబ్బందో, ఒక సౌకర్యమో ఉంటుంది. బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ కుర్రవాడిగా ఉన్నప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఒక లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. ఆయన ఎడమచేతి వాటం మనిషి కనుక తీగలను నొక్కవలసినది సరిగ్గా ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నారు, సన్నని తీగలు వేసుకున్నారు, 1971 నాటి మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి తీగల బిగువు తగ్గించి శ్రుతిని బాగా కిందికి దించారు. హెవీ మెటల్‌కు లక్షణంగా స్థిరపడిన ఆ బరువైన ధ్వనికి కారణాల్లో ఒక చేతి నొప్పి కూడా ఉందన్నమాట.

బీటిల్స్ కథలో ఇబ్బందీ సౌకర్యమూ రెండూ ఉన్నాయి. వారి తొలి ఆల్బమ్‌లో పది పాటలను 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో రికార్డు చేశారు. అంటే అది దాదాపుగా వారి వేదిక మీది కచేరీని స్టూడియోలో పట్టుకోవడమే. మూడేళ్లు గడిచేసరికి వేదిక మీద ప్రేక్షకుల కేకల్లో తాము వాయించేది తమకే వినిపించని స్థితి వచ్చింది. మరోవైపు స్టూడియోలో టేపు ముక్కలను చుట్టలుగా అతికించి తిప్పడం, గొంతును గిరగిరా తిరిగే స్పీకర్ గుండా పంపడం లాంటివి చేయగలిగారు. 1966 ఆగస్టులో 'రివాల్వర్' ఆల్బమ్ విడుదలైంది. అదే నెలలో జరిగిన పర్యటనలో అందులోని ఒక్క పాట కూడా వారు వాయించలేదు. ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో చివరి టికెట్టు కచేరీ ముగించి, పర్యటనలు మానేశారు. స్టూడియో సౌండ్‌కూ వేదిక సౌండ్‌కూ మధ్య ముడి తెగిన తర్వాత వారు ఎటు వెళ్లినా అడ్డు చెప్పేది ఏదీ లేకపోయింది.

ఏసీ/డీసీ ఇన్ని దశాబ్దాలుగా ఒకేలా వాయిస్తోంది. దాన్ని బద్ధకం అనకూడదా?

ఈ ప్రశ్న అడిగేవారు 'బ్యాక్ ఇన్ బ్లాక్' పాట మొదటి అరనిమిషం మరోసారి వినాలి. ముందు కాలాన్ని కొలుస్తున్నట్టు హై-హ్యాట్ (డ్రమ్స్ పక్కన ఉండే జంట తాళాలు) మీద టిక్కు టిక్కుమని దెబ్బలు, దానికి తోడు తీగలను అదిమిపట్టి గీకిన పొడి చప్పుడు. అప్పుడు రెండు గిటార్లూ ఒక కార్డ్‌ను (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కూర్పును) ఒక్కసారిగా కొట్టి, టక్కున ఆగుతాయి. ఆ ఖాళీలో డ్రమ్స్ ఒక్కటే నడుస్తుంటుంది. మళ్లీ మూడు దెబ్బలు, మళ్లీ ఖాళీ. వేగం ఏమంత ఎక్కువ కాదు, కార్డులు నేర్చుకునేవారికి మొదటి నెలలో వచ్చేవే. అయినా ఆ రిఫ్‌ను (పాటంతా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసను) కాపీ కొట్టే బ్యాండ్లలో చాలామంది ఆ ఖాళీని సహించలేక ఏదో ఒకటి నింపేస్తారు, పాట అక్కడే చచ్చిపోతుంది. ఆగవలసిన చోట ఆగడాన్ని ఒక జీవితకాలం సాధన చేసిన మనుషులను బద్ధకస్తులనడం నాకు న్యాయంగా తోచదు.

పైగా ఈ బ్యాండ్ మారకపోలేదు. గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో మరణించారు. బ్రయన్ జాన్సన్‌ను తీసుకుని అదే ఏడాది జులైకల్లా కొత్త ఆల్బమ్ విడుదల చేశారు. స్కాట్ గొంతులో కొంటెతనం, మాటకారితనం ఉండేవి. జాన్సన్ గొంతు ఎప్పుడూ పై స్థాయిలో, ఇనుము రాపిడి పెట్టినట్టు ఉంటుంది. అంత తేడా వచ్చినా వినేవారికి బ్యాండ్ మారినట్టు అనిపించకపోవడానికి కారణం వెనక నిలబడి లయ పట్టుకున్న మాల్కమ్ యంగ్ గిటార్. ఎనభైల మధ్యలో ఆ బ్యాండ్ విడుదల చేసిన ఆల్బమ్‌లలో కొన్ని నీరసంగా ఉన్న మాట నిజమే. అయితే వాటి లోపం సౌండ్ మార్చకపోవడంలో లేదు, రిఫ్‌లు బలంగా లేకపోవడంలో ఉంది.

(మూడు కార్డుల బ్యాండ్ అని జీవితమంతా ఎగతాళి చేయించుకున్న స్టేటస్ క్వో 2007లో తమ ఆల్బమ్‌కు 'ఇన్ సెర్చ్ ఆఫ్ ది ఫోర్త్ కార్డ్', అంటే నాలుగో కార్డు కోసం వెతుకులాట, అని పేరు పెట్టుకుంది. మారనివారికి హాస్యం తెలియదని అనుకోనక్కరలేదు.)

మెటాలికా మీద పాత అభిమానులకు అంత కోపం ఎందుకు?

ఎందుకంటే ఆ బ్యాండ్ ఒకసారి కాదు, మూడుసార్లు మారింది. ఆ మూడింటినీ ఒకే నేరంగా చూడటమే చర్చను పాడుచేస్తోంది.

మొదటి మార్పు 1991లో వచ్చింది. అంతకు ముందు 1983 నుంచి 1988 వరకు వచ్చిన నాలుగు ఆల్బమ్‌లలో పాటలు అంతకంతకూ పొడవెక్కి, మలుపుల మీద మలుపులతో సాగేవి. 1988 ఆల్బమ్ శీర్షిక పాట పది నిమిషాలకు కొంచెమే తక్కువ. ఆ దారిలో ఇంకా ముందుకు పోతే సంగీతం లెక్కల పరీక్షగా మారి ఉండేది. నిర్మాత బాబ్ రాక్‌తో కలిసి చేసిన 1991 ఆల్బమ్‌లో వేగం తగ్గించారు, పాటలు కుదించారు, 1988 ఆల్బమ్‌లో దాదాపు వినపడని బేస్ గిటార్‌కు చోటిచ్చారు. అమెరికాలోనే అది కోటీ అరవై లక్షలకు పైగా అమ్ముడుపోవడంతో డబ్బు కోసమే మారారన్న నింద వచ్చింది. నేను ఆ నిందను ఒప్పుకోను. గిటార్ తీగలను పైకీ కిందికీ కాక కిందికి మాత్రమే బలంగా కొట్టే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుడిచేయి అందులో యథాతథంగా ఉంది. ఆ బ్యాండ్ నడుము అదే.

రెండోది 1996 నాటిది. జుట్టు కత్తిరించుకున్నారు, బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల పాత సంగీత శైలి) వైపు మొగ్గారు. కోపం ఎక్కువగా జుట్టు మీదే వ్యక్తమైందనిపిస్తుంది.

మూడోది 2003లో. స్నేర్ డ్రమ్ అడుగున చర్మానికి ఆనుకుని సన్నని తీగల వరస ఉంటుంది; డ్రమ్‌కు ఆ చురుకైన చిటపట ధ్వనిని ఇచ్చేది అదే. ఆ ఆల్బమ్‌లో ఆ తీగలను వదులుచేసి వాయించడంతో, పాటలన్నిటా ఖాళీ బిందె మీద గరిటెతో కొడుతున్నట్టు ఠంగు ఠంగుమనే మోత నిలిచిపోయింది. గిటార్ సోలోలు పూర్తిగా తీసేశారు. బ్యాండ్ విడిపోయే అంచున ఉన్న రోజుల్లో చేసిన రికార్డు కనుక ఆ మోతలో ఒక నిజాయితీ ఉందని వాదించేవారున్నారు, నాకు వారి మీద గౌరవం ఉంది, కానీ ఆ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన మళ్లీ వినే ఓపిక నాకు లేదు. 2008లో పాత పద్ధతికి తిరిగి వచ్చారు. అభిమానులు సంతోషించేలోపే, ధ్వని స్థాయిని మితిమీరి పెంచి గిటార్లు చిట్లిపోయేలా తయారుచేశారన్న విమర్శ మొదలైంది.

గిటార్లను పక్కన పెట్టేసి కూడా నిలబడిన రాక్ బ్యాండ్ ఉందా?

ఉంది, రేడియోహెడ్. 1997లో వచ్చిన 'ఓకే కంప్యూటర్' మూడు గిటార్ల బ్యాండ్ ఏం చేయగలదో చూపించింది. దాని తర్వాత 2000 అక్టోబర్‌లో వచ్చిన 'కిడ్ ఎ' సింథసైజర్‌తో (ఎలక్ట్రానిక్ ధ్వనులు పుట్టించే కీబోర్డుతో) మొదలవుతుంది. గాయకుడు థామ్ యార్క్ గొంతు ముక్కలు ముక్కలై, తిరగబడి, ఒకదాని మీద ఒకటి పడుతూ వస్తుంది. ఆ మొదటి పాటలో గిటార్ ఎక్కడా లేదు. మొదటిసారి విన్నప్పుడు పెట్టెలో వేరే ఎవరిదో సీడీ పొరపాటున పెట్టారేమోనని బయటికి తీసి అచ్చు చూసుకున్నాను. గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ ఆ ఆల్బమ్‌లో ఆండ్ మార్టెనో అనే పాత ఎలక్ట్రానిక్ వాయిద్యం పట్టుకున్నారు. 1928లో ప్రజల ముందుకు వచ్చిన ఆ వాయిద్యం మనిషి గొంతుకూ వయోలిన్‌కూ మధ్యస్థంగా మూలుగుతుంది. ఒక్క సింగిల్ (విడిగా అమ్మే పాట) కూడా విడుదల చేయకుండానే ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది.

మరి ఏమి మిగిలింది? దిగులును సాగదీసి పైకి తీసుకుపోయే యార్క్ గొంతు మిగిలింది, ముందు పాటల్లోనూ ఉన్న ఆ పరిష్కారం దొరకని కార్డుల వరసలు మిగిలాయి. గిటార్ వారి పరికరమే తప్ప వారి గుర్తింపు కాదని ఆ ఆల్బమ్ వచ్చాకే తెలిసింది. ఆ ఎరుక ఉన్నందువల్లే ఆ తర్వాత గిటార్లను మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడు అది వెనకడుగులా వినిపించలేదు.

యూ2 కూడా 1990లో బెర్లిన్ హాన్సా స్టూడియోకు వెళ్లి ఇలాంటి మలుపే తిరిగింది, అయితే అక్కడ సభ్యుల మధ్య గొడవ విడిపోయే అంచుదాకా వెళ్లింది. మరో పాటతో తంటాలు పడుతుండగా ఊహించకుండా 'వన్' పాట పుట్టి వారిని గట్టెక్కించింది. ఎవరికైనా ఆ దారి సూచించే ముందు ఆ సంగతి చెప్పాలి.

బ్యాండ్ మనస్ఫూర్తిగా మారిందా, లేక ఫ్యాషన్ వెంట పడిందా? వినేవారు ఎలా గుర్తించాలి?

ముందు డ్రమ్స్ వినండి. గిటార్‌కు కొత్త పెడల్ (కాలితో నొక్కి ధ్వని మార్చే పరికరం) తగిలించడం ఒక పూట పని, కీబోర్డు వాయించేవారిని పిలిపించడం ఒక రోజు పని. కొత్త లయను ఒళ్లంతా పట్టించుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. ది క్లాష్ 1979 డిసెంబర్‌లో విడుదల చేసిన 'లండన్ కాలింగ్'లో పంక్‌తో (వేగంగా, ముడిగా సాగే రాక్‌తో) పాటు జమైకా సంగీత శైలులైన రెగ్గే, స్కా, ఇంకా జాజ్ ఛాయలు కనిపిస్తాయి. అది అతికించినట్టు ఉండదు. 1977 నాటి తొలి ఆల్బమ్‌లోనే వారు ఒక రెగ్గే పాటను ఆరు నిమిషాల సేపు వాయించారు, ఆ తర్వాత చేరిన డ్రమ్మర్ టాపర్ హెడన్ ఏ లయనైనా పుట్టుకతో వచ్చినట్టు వాయించగలవారు. మార్పు అప్పటికే ఇంట్లో ఉంది, తలుపు తీశారంతే.

క్వీన్ అనుభవం మరోలా ఉంటుంది. డెబ్బైలలో తమ ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్లు వాడలేదని గర్వంగా అచ్చు వేయించుకున్న ఆ బ్యాండ్ 1980లో వాటిని స్వీకరించింది. అదే ఏడాది బేస్ గిటారిస్టు జాన్ డీకన్ రాసిన 'అనదర్ వన్ బైట్స్ ది డస్ట్' అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. నృత్య సంగీతం మీద ఒక సభ్యుడికి ఉన్న సొంత ఇష్టంలోంచి, ఒక బేస్ వరసలోంచి పుట్టిన పాట అది. 1982లో ఆ ఒక్క పాట విజయాన్ని ఆల్బమ్ అంతటికీ పరిచే ప్రయత్నం చేశారు, చాలామంది అభిమానులు పెదవి విరిచారు. పాటగా సహజంగా వచ్చినది పథకంగా మారేసరికి పలచబడిందని నా అభిప్రాయం.

రికార్డు కంపెనీలు మార్పును కోరుకుంటాయా, వద్దంటాయా?

అమ్ముడుపోయినదాన్నే మళ్లీ కోరుకుంటాయి. కోర్టు రికార్డుల్లో దీనికి రెండు విచిత్రమైన ఉదాహరణలున్నాయి. రెండూ అప్పటికి సొంతంగా పాడుకుంటున్న కళాకారులవే అయినా బ్యాండ్లకూ వర్తిస్తాయి. ఎలక్ట్రానిక్ ధ్వనులతో ఒక ఆల్బమ్, యాభైల నాటి రాకెన్‌రోల్ పద్ధతిలో మరొకటి చేసినందుకు నీల్ యంగ్ మీద జెఫెన్ రికార్డ్స్ 1983లో 33 లక్షల డాలర్లకు దావా వేసింది; ఆరోపణ సారాంశం ఏమిటంటే, ఆయన ఆయనలాగా పాడటం లేదని. చివరికి అది రాజీతో ముగిసింది. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ మాజీ గాయకుడు జాన్ ఫోగర్టీకి సరిగ్గా దీనికి తలకిందుల కష్టం వచ్చింది. 1985 ఆల్బమ్‌లోని ఆయన పాట, 1970లో ఆయనే రాసిన పాటలాగా ఉందని ఆ పాత పాట హక్కులున్న ఫాంటసీ సంస్థ దావా వేసింది. ఆయన గిటార్‌తో సహా సాక్షి బోనులోకి వెళ్లి, తన పాటలు ఎలా పుడతాయో, ఎందుకు ఒకే మనిషి చేతిలోవిగా వినిపిస్తాయో వాయించి చూపించారు. 1988లో జ్యూరీ ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

ఒకరు తనలా లేనందుకు, మరొకరు తనలా ఉన్నందుకు బోనెక్కవలసి రావడం కన్నా ఈ ప్రశ్నకు మంచి జవాబు నాకు దొరకలేదు.

గాయకుడో ముఖ్య సభ్యుడో వెళ్లిపోతే అదే పేరుతో కొనసాగడం సమంజసమేనా?

ఫ్లీట్‌వుడ్ మాక్‌ను చూడండి. 1967లో పీటర్ గ్రీన్ ప్రారంభించినప్పుడు అది బ్లూస్ బ్యాండ్. 1977లో 'రూమర్స్' వచ్చేనాటికి గ్రీన్ లేరు, బ్లూస్ దాదాపు లేదు, పాటలు రాసేవారూ పాడేవారూ వేరు. అయినా పేరు అబద్ధం కాలేదు, ఎందుకంటే ఆ పేరే డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్‌ది, బేస్ గిటారిస్టు జాన్ మెక్‌వీది. వారిద్దరూ దాదాపు మొదటి నుంచీ అడుగున ఉన్నారు. పేరు పెట్టేనాటికి మెక్‌వీ ఇంకా చేరనే లేదు. పేరులో చోటిస్తే వస్తారన్న ఆశతో గ్రీన్ అలా పెట్టారు. తెలిసి చేశారో తెలియక చేశారో, పోని భాగానికే పేరు పెట్టారు.

అభిమానులకు పాత సౌండ్ కోరే హక్కు లేదా?

ఆల్బమ్ విషయంలో లేదు. పాత రికార్డును ఎవరూ వెనక్కి తీసుకుపోవడం లేదు కనుక, కొత్తది నచ్చకపోతే పాతది పెట్టుకోవచ్చు. కచేరీ సంగతి వేరు: టికెట్టు కొన్నవారు కొన్ని పాత పాటలు ఆశించడం అన్యాయం కాదు, రెండు గంటల్లో ఒక్కటి కూడా వాయించని బ్యాండ్ మీద విసుక్కోవడమూ తప్పు కాదు. అయితే ఆ విసుగు 1966 మే 17న మాంచెస్టర్‌లో, జానపద గాయకుడిగా పేరు తెచ్చుకున్న బాబ్ డిలన్‌ను ఎలక్ట్రిక్ బ్యాండ్‌తో వాయిస్తున్నందుకు ఒక శ్రోత 'జూడాస్' (యేసుకు ద్రోహం చేసిన శిష్యుడు) అని అరిచినంత దూరం పోతే, ఆ తర్వాత అరవై ఏళ్లపాటు జనం మనల్ని గుర్తుపెట్టుకునేది ఎందుకో ఆలోచించుకోవాలి.

వయసు ప్రభావం ఎంత?

గొంతు మీద చాలా. ముప్పైలో అందుకున్న పై స్వరాలు అరవైలో అందవు కనుక చాలా బ్యాండ్లు వేదిక మీద గిటార్ల శ్రుతిని అర మెట్టో ఒక మెట్టో దించుకుంటాయి. అది మోసమేమీ కాదు.

మాది ముగ్గురు సభ్యుల చిన్న బ్యాండ్. పది పాటలున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయంటున్నారు. మార్చాలా?

మార్చే ముందు ఒక పని చేయండి. పెడల్స్ అన్నీ తీసేసి, ఆంప్లిఫయర్ శబ్దం మాట్లాడుకునే స్థాయికి తగ్గించి, మీ పాటల్లో మూడింటిని వాయించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. నేను బేస్ వాయించిన బ్యాండ్‌లో ఒకసారి కరెంటు పోయినప్పుడు అనుకోకుండా ఈ పని జరిగింది. మాకు ఎంతో భిన్నంగా అనిపించిన నాలుగు పాటలు ఒకే వేగంలో, ఒకే చోట విరామంతో నడుస్తున్నాయని ఆ చీకట్లో తెలిసింది. మేము మార్చుకుంటూ వచ్చిందల్లా పెడల్సే. అదే సమయంలో మా డ్రమ్మర్ ప్రతి నాలుగో వరసకు ముందు ఒక చిన్న తడబాటులాంటి దెబ్బ వేస్తారని, అది లేకపోతే పాట మాది కాదని కూడా తెలిసింది. ఆ దెబ్బను ఉంచుకుని వేగాలు మార్చాం. మీ రికార్డింగులో ఏమి వినిపిస్తుందో మీకే తెలియాలి.

మారిన తర్వాత పాత సౌండ్‌కు తిరిగి రావడం ఓటమి కాదా?

స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 2011 ఆల్బమ్‌తో మెటల్ పద్ధతి గర్జన గొంతును పూర్తిగా వదిలి, డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వైపు వెళ్లింది. గర్జన తిరిగి రావాలని అభిమానులు ఆల్బమ్ తర్వాత ఆల్బమ్ అడుగుతూనే ఉన్నారు, బ్యాండ్ తన దారిన తాను పోతూనే ఉంది. 2024 నవంబర్‌లో వచ్చిన ఆల్బమ్‌లో, 2008 తర్వాత తొలిసారిగా, ఆ గర్జన మళ్లీ వినిపించింది. కానీ దాని చుట్టూ ఉన్న సంగీతం మాత్రం ఆ మధ్యకాలంలో నేర్చుకున్నదే, ఎంతగా అంటే, అదే ఆల్బమ్‌లో డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ జెత్రో టల్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ వచ్చి ఫ్లూట్ వాయించారు.